డెబ్బై ఏడేళ్ల అధ్యక్షుడు మళ్లీ నిలబడితే: ఐర్లండ్ ఎన్నికల లోగుట్టు

ఐర్లండ్‌లో పదవిలో ఉండగానే రెండోసారి అధ్యక్ష పదవి కోరినవాళ్లు ఇప్పటికి ఐదుగురు. 1952లో షాన్ టి. ఓకెలీ, 1966లో ఏమన్ డి వలేరా, 1983లో పాట్రిక్ హిలరీ, 2004లో మేరీ మెక్‌అలీస్, 2018లో మైకేల్ డి. హిగ్గిన్స్. వీళ్లలో ఒక్కరూ ఓడిపోలేదు. అంతేకాదు, ముగ్గురికి అసలు పోటీయే లేదు. ఎదుట మరో అభ్యర్థి లేడు కాబట్టి ఒక్క ఓటూ పడకుండానే ఇంకో ఏడేళ్లు దక్కాయి. జనం బూత్‌కు వెళ్లి తేల్చాల్సి వచ్చింది 1966లోనూ 2018లోనూ మాత్రమే. విచిత్రం ఏమిటంటే, ఐదుగురిలోకీ వయసులో పెద్దవాళ్లు ఆ ఇద్దరే. డి వలేరాకు అప్పుడు 83 ఏళ్లు, హిగ్గిన్స్‌కు 77. ఓకెలీకి 69, హిలరీకి 60, మెక్‌అలీస్‌కు 53.

అలాగని వయసే పోటీని తెచ్చిందనుకుంటే తొందరపాటే. 1966లో పోటీ పెట్టింది ప్రధాన ప్రతిపక్షం ఫినా గేల్. డి వలేరా పార్టీ ఫియానా ఫాల్‌తో దానికి అంతర్యుద్ధం నాటి వైరం ఉంది. 2018లో పోటీ పెట్టింది షిన్ ఫేన్, దానికి తోడు స్వతంత్రులు. ఇద్దరి విషయంలోనూ వయసు గురించి మాటలు చాలానే నడిచాయి, ఫలితం మాత్రం వేరే చోట తేలింది. పెద్ద వయసు అధ్యక్షుడు మళ్లీ నిలబడితే వాదన ఏ దారిన పోతుంది, ఎక్కడ దారి తప్పుతుంది అన్నది తెలియాలంటే ముందు చూడాల్సింది రాజ్యాంగంలోని ఒక చిన్న వాక్యాన్ని.

ఒక్క సంతకం ఒకవైపు, ఇరవై సంతకాలు మరోవైపు

1937 నాటి ఐరిష్ రాజ్యాంగంలో 12వ అధికరణం అధ్యక్షుడి గురించి చెబుతుంది. పదవీకాలం ఏడేళ్లు. మళ్లీ ఒక్కసారి మాత్రమే ఎన్నిక కావచ్చు, అంటే మొత్తం 14 ఏళ్లు దాటకూడదు. కనీస వయసు 35. గరిష్ఠ వయసు లేదు. కొత్తగా రాదలచుకున్నవాళ్లు పార్లమెంటు ఉభయ సభల్లో 20 మంది సభ్యుల మద్దతుతోగానీ, దేశంలోని 31 స్థానిక సంస్థల్లో నాలుగు కౌన్సిళ్ల తీర్మానంతోగానీ నామినేషన్ వేయాలి. ఒక సభ్యుడు ఒకే అభ్యర్థికి సంతకం చేయగలడు, ఒక కౌన్సిల్ ఒకే అభ్యర్థిని ప్రతిపాదించగలదు. పదవిలో ఉన్నవారికీ పదవి దిగిన మాజీలకూ ఈ బాధ లేదు. తమను తామే నామినేట్ చేసుకోవచ్చు.

ఇద్దరి మధ్య తేడా ఎంతో లెక్కేసి చూడండి. 2018లో దిగువ సభ డాల్‌లో 158 మంది, ఎగువ సభ షానడ్‌లో 60 మంది, కలిపి 218 మంది. అందులో ఇరవై మంది అంటే పదోవంతు కూడా కాదు, తేలికే అనిపిస్తుంది. కానీ సభ్యుల్లో అత్యధికులు రెండు మూడు పార్టీలకు చెందినవాళ్లు. పార్టీ వద్దంటే సంతకం పెట్టరు. పెద్ద పార్టీలు కూర్చున్న మనిషే మేలనుకుంటే ప్రత్యర్థికి తలుపు మూసుకుపోతుంది. 2018లో ఫినా గేల్, ఫియానా ఫాల్, లేబర్ మూడూ హిగ్గిన్స్‌కే మద్దతు పలికాయి. తన సొంత అభ్యర్థికి సరిపడా సంతకాలున్న పార్టీ షిన్ ఫేన్ ఒక్కటే మిగిలింది. మిగతావాళ్లంతా కౌన్సిళ్ల చుట్టూ తిరిగారు. ఊరూరా వెళ్లి కౌన్సిలర్ల ఎదుట నిలబడి తమ గురించి చెప్పుకుని, తీర్మానం ఓటింగ్‌లో గెలవాలి. అలా నాలుగు చోట్ల.

డబ్లిన్‌లోనో కార్క్‌లోనో ఉంటున్న తెలుగువాళ్లకు ఇక్కడ ఒక చిన్న ముడి ఉంది. అధ్యక్ష ఎన్నికల్లో ఐరిష్ పౌరులకే ఓటు. ఆ దేశంలో నివసించే బ్రిటిష్ పౌరులకు కూడా లేదు. స్థానిక ఎన్నికల్లో మాత్రం ఏ దేశ పాస్‌పోర్టు ఉన్నా, అక్కడ నివాసం ఉండి ఓటరుగా నమోదైతే చాలు. వర్క్ పర్మిట్ మీద ఉన్న నర్సు గానీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి గానీ అధ్యక్షుడికి ఓటు వేయలేరు, కానీ అధ్యక్ష అభ్యర్థిని ప్రతిపాదించే కౌన్సిలర్‌ను ఎన్నుకోగలరు. మన సంఘాల్లో ఎక్కువమంది స్థానిక ఎన్నికల్ని పట్టించుకోరు. కాబట్టి ఈ సంగతి చెప్పడం అవసరం అనిపించింది.

నామినేషన్ గేటు ఇంత ఇరుకుగా ఉండటం వల్ల పెద్ద నష్టం ఎన్నికే జరగకపోవడం. 1973 తర్వాత మళ్లీ అధ్యక్షుడికి ఓటు పడింది 1990లో. మధ్యలో 1974, 1976, 1983 మూడుసార్లూ ఏకగ్రీవమే. 1997 తర్వాత మళ్లీ 2011లోనే. 1997 పోలింగ్ అయిన కొన్నాళ్లకు 18 నిండిన కుర్రాడు మొదటిసారి అధ్యక్షుడికి ఓటు వేసేటప్పటికి 32కు దగ్గరపడ్డాడు. 2013లో రాజ్యాంగ సదస్సు నామినేషన్‌లో పౌరులకూ పాత్ర ఉండాలని భారీ మెజారిటీతో సిఫారసు చేసింది. దాన్ని ప్రజాభిప్రాయ సేకరణకు పెట్టలేదు. పెట్టింది వేరొకటి: కనీస వయసు 35 నుంచి 21కి తగ్గించాలా అని. 2015 మే 22న స్వలింగ వివాహాలపై ఓటింగ్‌తో పాటే అదీ జరిగింది. 73 శాతం మంది వద్దన్నారు. జనానికి పెద్ద వయసు అధ్యక్షుల మీద పెద్దగా ఫిర్యాదు లేదని చెప్పడానికి ఇంతకంటే సూటి ఆధారం దొరకదు.

2018లో ముందున్నది మాట తప్పడమే

2011లో తొలిసారి పోటీ చేసినప్పుడు హిగ్గిన్స్ వయసు 70. అప్పుడు ఒక్క పదవీకాలమే చేస్తానని అన్నాడు. 2018 జూలైలో మళ్లీ నిలబడతానని ప్రకటించాడు. ప్రత్యర్థులకు దొరికిన బలమైన ఆయుధం ఇదే. ఎందుకంటే మాట తప్పాడా లేదా అన్నది రికార్డులో ఉంటుంది. వయసు గురించి ఎత్తితే ఎదుటివాడు చిన్నబుద్ధి చూపిస్తున్నాడని జనం అనుకుంటారు. మాట గురించి ఎత్తితే అది ప్రవర్తన మీద ప్రశ్న అవుతుంది. అందుకే 2018 ప్రచారంలో హిగ్గిన్స్ వయసు మీద నేరుగా దాడి తక్కువ, మాట మార్చడం మీదా ఖర్చుల మీదా ఎక్కువ.

ఖర్చుల సంగతి మరీ ఆసక్తికరం. అధ్యక్ష కార్యాలయానికి జీతభత్యాలు కాకుండా ఏటా సుమారు 3,17,000 యూరోల భత్యం ఉంది. అప్పట్లో దాన్ని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ ఆడిట్ చేసేవారు కాదు. అదేదో రహస్య ఖాతా అన్నట్టు మాటలు పెరిగాయి. డబ్లిన్ నుంచి బెల్‌ఫాస్ట్‌కు ప్రభుత్వ విమానంలో వెళ్లిన ప్రయాణం గురించి పత్రికలు, అభ్యర్థులు నిలదీశారు. రోడ్డు మీద రెండు గంటలు పట్టే దూరం అది. చివరికి హిగ్గిన్స్ ఆ భత్యం ఎలా ఖర్చయిందో వెల్లడిస్తానని ఒప్పుకోవాల్సి వచ్చింది. పదవిలో ఉన్నవాణ్ణి ఇబ్బంది పెట్టేవి ఇలాంటి లెక్కల ప్రశ్నలే అని గుర్తుపెట్టుకోవాలి. ఏడేళ్లు ఒకే కుర్చీలో కూర్చున్నవారి దగ్గర ఏడేళ్ల ఖాతా పుస్తకం ఉంటుంది. కొత్తవాళ్ల దగ్గర అది ఉండదు.

వయసును ఎలా చర్చించాలి

వయసు ప్రశ్న అసలు వేయకూడదని కాదు. వేసే తీరులోనే తప్పు జరుగుతుంది. ఎన్నిక రోజు వయసు చూడటం ఒక పొరపాటు. చూడాల్సింది ఏడేళ్ల చివరన ఎంత ఉంటుందన్నది. హిగ్గిన్స్ 1941 ఏప్రిల్‌లో పుట్టాడు. 2018లో 77, దిగిపోయేటప్పటికి 84. డి వలేరా 1966లో 83, దిగిపోయేటప్పటికి 90, అప్పటికే చూపు దాదాపు పోయింది. తొలి అధ్యక్షుడు డగ్లస్ హైడ్ 1938లో పదవి చేపట్టేటప్పుడే 78 ఏళ్లవాడు. 1940లో తీవ్రమైన పక్షవాతం వచ్చి చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. అయినా 1945 దాకా పదవి నడిచింది.

అలా నడవడానికి కారణం ఆ ఉద్యోగ స్వభావం. ఐరిష్ అధ్యక్షుడు మంత్రిమండలిని నడపడు, బడ్జెట్ వేయడు. బిల్లుల మీద సంతకం పెడతాడు. అనుమానం వస్తే 26వ అధికరణం కింద సలహా మండలితో మాట్లాడి సుప్రీంకోర్టుకు పంపవచ్చు. 2023లో హిగ్గిన్స్ న్యాయ నియామకాల కమిషన్ బిల్లును అలాగే పంపాడు, కోర్టు అది రాజ్యాంగబద్ధమేనని తేల్చింది. సభలో మెజారిటీ కోల్పోయిన టీషక్, అంటే ప్రధానమంత్రి, సభ రద్దు కోరితే తన విచక్షణతో నిరాకరించవచ్చు. ఈ అధికారాన్ని ఇప్పటిదాకా ఎవరూ వాడలేదు. ప్రభుత్వ సమ్మతి లేకుండా దేశం దాటకూడదు కూడా. ఇలాంటి పదవికి కావాల్సింది శరీర బలం కంటే నిదానంగా చదివి నిర్ణయించే ఓపిక. 75 ఏళ్లు దాటినవారికి అది ఉండదనలేం. అయితే వరుస పర్యటనలూ రోజుకు రెండు మూడు కార్యక్రమాలూ కూడా ఈ పదవిలో భాగమే. ఒంటి సత్తువ తగ్గితే దెబ్బ తగిలేది వాటికే.

సత్తువ పూర్తిగా పోతే ఏమవుతుంది? అధ్యక్షుడు శాశ్వతంగా పనిచేయలేని స్థితిలో ఉన్నాడని సుప్రీంకోర్టు, కనీసం ఐదుగురు న్యాయమూర్తులు, నిర్ధారిస్తే పదవి ఖాళీ అవుతుంది. ఇంతవరకూ దాన్ని వాడలేదు. తాత్కాలిక అనారోగ్యమైతే ముగ్గురి కమిషన్ విధులు చూస్తుంది: ప్రధాన న్యాయమూర్తి, డాల్ సభాపతి, షానడ్ సభాపతి. ఉపాధ్యక్షుడు లేడు. అధ్యక్షుడు మరణిస్తే అరవై రోజుల్లో కొత్త ఎన్నిక. 1974 నవంబర్‌లో ఎర్స్కిన్ చైల్డర్స్ పదవిలో ఉండగా మరణించినప్పుడు డిసెంబర్‌లోనే మరొకరు వచ్చేశారు. ఈ ఏర్పాటు చూస్తే, పెద్ద వయసు అభ్యర్థి వల్ల దేశం ఆగిపోతుందన్న భయం నిలబడదు. అడగాల్సింది వేరు: గత ఏడేళ్లలో ఆ కమిషన్ ఎన్నిసార్లు, ఎందుకు విధులు చూసింది? ఎన్ని కార్యక్రమాలు రద్దయ్యాయి? ఇలా అడిగితే వాదన అంకెల మీద నడుస్తుంది, ముసలితనం మీద వెక్కిరింత అవదు. ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి: 2024 ఫిబ్రవరి ఆఖరులో హిగ్గిన్స్ ఆసుపత్రిలో చేరాడు. చిన్న పక్షవాతమని తర్వాత తెలిసింది. కొన్ని వారాల్లో తిరిగి పనిలోకి వచ్చాడు.

చర్చావేదిక ఎవరికి ఎదురుతిరుగుతుంది

టీవీ చర్చలు ఐరిష్ అధ్యక్ష ఎన్నికల్ని తిప్పేయగలవు. 2011 అక్టోబర్ 24న పోలింగ్‌కు మూడు రోజుల ముందు జరిగిన చర్చ నాటికి స్వతంత్ర అభ్యర్థి షాన్ గాలహర్ సర్వేల్లో ముందున్నాడు. షిన్ ఫేన్ అభ్యర్థి మార్టిన్ మెక్‌గినిస్ ప్రచార బృందానిదని చెప్పిన ఒక ట్వీట్‌ను యాంకర్ చదివి వినిపించాడు. అది నకిలీ ఖాతా నుంచి వచ్చింది. దాని మీద అడిగిన ప్రశ్నకు గాలహర్ తడబడ్డాడు. మూడు రోజుల తర్వాత హిగ్గిన్స్‌కు తొలి ప్రాధాన్య ఓట్లు (ఓటరు 1 అని రాసినవి) 39.6 శాతం, గాలహర్‌కు 28.5 శాతం.

పదవిలో ఉన్నవారికి ఈ భయం ఎక్కువ, అవసరం తక్కువ. అందుకే తప్పించుకునే దారులు వెతుకుతారు. 1966లో ఫియానా ఫాల్ ఎన్నికల బాధ్యత చూసిన చార్ల్స్ హాహీ, డి వలేరా ప్రచారమే చేయడని తేల్చేశాడు. అధ్యక్ష పదవి రాజకీయాలకు అతీతమని కారణం చెప్పాడు. ఒకవైపు ప్రచారం లేదు కాబట్టి సమతూకం కోసమంటూ ప్రభుత్వ ప్రసార సంస్థ ఆర్‌టీఈ ప్రత్యర్థి టామ్ ఓహిగ్గిన్స్ ప్రచారాన్నీ చూపించలేదు. అదే సమయంలో 1916 తిరుగుబాటు స్వర్ణోత్సవాల్లో డి వలేరా వేదికల మీద కనిపిస్తూనే ఉన్నాడు. సమతూకం పేరుతో ఒకరి నోరు మూయడమే జరిగింది. ఓహిగ్గిన్స్ వయసు 49, తిరుగుబాటు జరిగిన ఏడాదే పుట్టినవాడు. ఆ తేడాను ప్రచారానికి బాగానే వాడుకున్నాడు. చివరికి డి వలేరాకు 5,58,861, ఓహిగ్గిన్స్‌కు 5,48,144 ఓట్లు. తేడా 10,717. ఇద్దరే అభ్యర్థులు గనక రెండో ప్రాధాన్యం అవసరం పడలేదు.

2018లో హిగ్గిన్స్ కొన్ని చర్చలకు వెళ్లాడు, కొన్నింటికి వెళ్లలేదు. అధ్యక్ష విధులున్నాయన్నది కారణం. ఒక చర్చకు గాలహర్ కూడా రాలేదు. ఖాళీ కుర్చీ చూపించి విమర్శించడం ప్రత్యర్థులకు లాభమే, కానీ ఒక్కరోజు లాభం. హిగ్గిన్స్ వచ్చిన చర్చల్లో ఎదుటివాళ్ల బలహీనత బయటపడింది. ఇళ్ల కొరత, ఆసుపత్రి మంచాలు, గ్రామాల వలస గురించి అడిగితే, అధ్యక్షుడికి ఆ అధికారాలే లేవని ఆయన ప్రశాంతంగా చెప్పగలడు. నిజమే కూడా. కొత్తవారి హామీలు అతిగా అనిపిస్తాయి, పాతవారి మౌనం హుందాగా అనిపిస్తుంది. చర్చ నడిపేవారు ప్రశ్నను ఆ పదవి పరిధిలోకి లాగకపోతే గెలుపు ముందే ఇచ్చేసినట్టు. సంతకం పెట్టడానికి ముందు ఏ బిల్లును సలహా మండలికి తీసుకెళతారు? సభ రద్దు కోరితే ఎప్పుడు కాదంటారు? ఆ భత్యం పద్దుల్ని ఎక్కడ ప్రచురిస్తారు? ఇలాంటి ప్రశ్నలు వేస్తే కుర్చీలో ఉన్నవారూ లేనివారూ సమానంగా చెమట కారుస్తారు.

ఓట్ల లెక్క, డబ్బు లెక్క

ఎన్నిక ఒకటే పదవికి అయినా బదిలీ అయ్యే ఓటు పద్ధతిలో జరుగుతుంది. ఓటరు 1, 2, 3 అని ఇష్టాన్ని రాస్తాడు. చెల్లిన ఓట్లలో సగం కంటే ఒకటి ఎక్కువ వస్తే గెలుపు, దాన్నే కోటా అంటారు. రాకపోతే అడుగున ఉన్నవారిని తొలగించి, వారి ఓట్లను తర్వాతి ప్రాధాన్యం ప్రకారం పంచుతారు. మన వి.వి. గిరి 1913–16లో డబ్లిన్‌లోనే న్యాయశాస్త్రం చదివాడు. 1969లో ఆయన రాష్ట్రపతి అయింది కూడా ఇదే పద్ధతిలోనే. భారత రాష్ట్రపతి ఎన్నికల్లో రెండో ప్రాధాన్య ఓట్లు తేల్చినది అదొక్కటే. మొదటి లెక్కలో గిరికి 4,01,515, నీలం సంజీవరెడ్డికి 3,13,548. కోటా 4,18,169 గనక ఎవరికీ సరిపోలేదు. బదిలీలు పూర్తయ్యాక గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. ఇద్దరూ తెలుగువాళ్లే.

ఎదుట ఐదుగురు నిలబడితే ఓట్లు చీలి పదవిలో ఉన్నవారు గట్టెక్కుతారని సాధారణంగా అనుకుంటారు. మనకు అలవాటైన పద్ధతిలో అది నిజం, ఐర్లండ్‌లో కాదు. 1990లో బ్రయన్ లెనిహన్ తొలి లెక్కలో 44 శాతంతో ముందున్నాడు, మేరీ రాబిన్సన్‌కు 39. మూడో అభ్యర్థి ఓట్లు బదిలీ కాగానే రాబిన్సన్ గెలిచింది. కాబట్టి 45 శాతంతో ముందున్న పాత అధ్యక్షుడికి నిద్రపట్టదు. 55 వస్తేనే గండం గట్టెక్కినట్టు.

2018 అక్టోబర్ 26న చెల్లిన ఓట్లు 14,73,900, కోటా 7,36,951. హిగ్గిన్స్‌కు 8,22,566, అంటే 55.8 శాతం. మొదటి లెక్కలోనే అయిపోయింది. పీటర్ కేసీకి 3,42,727, అంటే 23.3 శాతం. గాలహర్ 94,514, షిన్ ఫేన్ అభ్యర్థి లియా నీ రీడా 93,987, జోన్ ఫ్రీమన్ 87,908, గావిన్ డఫీ 32,198. పోలింగ్ కేవలం 43.9 శాతం, ఆ దేశ అధ్యక్ష ఎన్నికల్లో అతి తక్కువ. ఇంకోలా చెప్పాలంటే నమోదైన ఓటర్లలో నలుగురికి ఒకరు హిగ్గిన్స్‌కు వేశారు.

కేసీ కొద్దివారాల ముందు సర్వేల్లో రెండు శాతం దగ్గర ఉన్నాడు. ట్రావెలర్లు అనే సంచార సమాజాన్ని ప్రత్యేక జాతిగా ప్రభుత్వం 2017లో గుర్తించింది. ఆ గుర్తింపు మీద ఆయన అన్న మాటలు పెద్ద దుమారం రేపాయి. ఆ దుమారంతోనే 23 శాతానికి ఎగిశాడు. హిగ్గిన్స్ వయసు, ఇచ్చిన మాట, ఖర్చులు, విమానం ఇవేవీ పెద్దగా ఓట్లను కదిలించలేదు. కదిలించింది ఒక వెనుకబడిన సమాజం మీద విసురు. ఇది నచ్చదు, కానీ ఫలితం అలా ఉంది.

డబ్బు సంగతి లేకుండా ఈ కథ పూర్తి కాదు. 2018లో ప్రచార ఖర్చు పరిమితి 7,50,000 యూరోలు. అప్పుడు ప్రభుత్వం తిరిగి ఇచ్చింది గరిష్ఠంగా 2,00,000. అది కూడా కోటాలో నాలుగోవంతు, అంటే చెల్లిన ఓట్లలో 12.5 శాతం దాటినవారికే. ఆ ఏడాది ఆ గీత దాదాపు 1,84,238 ఓట్లు. హిగ్గిన్స్, కేసీ తప్ప మిగతా నలుగురూ సొంత ఖర్చే భరించుకోవాల్సి వచ్చింది. పదవిలో ఉన్నవారు ఈ గీత దాటడం ఖాయం. కొత్తవారికి జూదం. అందుకే డబ్బున్నవారే దిగుతారు. 2018 అభ్యర్థుల్లో కేసీ, గాలహర్, డఫీ ముగ్గురూ టీవీ షోలో పెట్టుబడిదారులుగా పేరుపడ్డ వ్యాపారవేత్తలే కావడం యాదృచ్ఛికం అనుకోలేం.

2025లో హిగ్గిన్స్ రెండో పదవీకాలం ముగిసింది, తిరిగి పోటీ చేసే హక్కూ లేదు. కుర్చీ ఖాళీ అయినా గేటు మాత్రం ఇరుకే. స్వతంత్రంగా నిలబడదలచిన మరియా స్టీన్‌కు 18 సంతకాలు దొరికాయి, రెండు తక్కువై ఆగిపోయింది. ఫియానా ఫాల్ అభ్యర్థి జిమ్ గావిన్ పోటీ నుంచి తప్పుకున్నా బ్యాలట్‌లో పేరు మిగిలిపోయింది. అక్టోబర్ 24న జరిగిన పోలింగ్‌లో 2,13,738 ఓట్లు చెల్లనివిగా తేలాయి, మొత్తం ఓట్లలో 12.9 శాతం. గెలిచిన కేథరిన్ కానలీకి 9,14,143 ఓట్లు, 63 శాతం పైన. ఆమె 1957 జూలైలో పుట్టింది. ఈ పదవీకాలం 2032 నవంబర్‌లో ముగిసేటప్పటికి వయసు 75. ఆమె మళ్లీ నిలబడాలనుకుంటే ఒక్క సంతకం చాలు, అదీ తనదే. ఎదుట నిలబడదలచినవారికి మళ్లీ ఇరవై సంతకాలో నాలుగు కౌన్సిళ్లో కావాలి.